గొడుగు మనిషి ఇల్లు

"నా సెయ్యి నాకిచ్చెయ్ బాబూ," అంది సోంబారి.

ఆ మాట అంటున్నప్పుడు ఆమె రెండు చేతులూ ఆమె ఒడిలోనే ఉన్నాయి. ఉదయం చోడి అంబలి కాచి బయలుదేరినట్టుంది, గోళ్ల అంచుల్లో పిండి ఎండి ఉంది. ఈతమానుగూడ నుంచి రోడ్డు దాకా నడిచి, అక్కడ బస్సెక్కి, మధ్యాహ్నానికి మ్యూజియానికి చేరింది. టీ ఇస్తే తాగలేదు.

"చేయి ఉంది కదమ్మా," అన్నాను.

"ఉంది. కొడవలి పట్టుకోడానికుంది. అన్నం తినడానికుంది. బొమ్మలేసీ సెయ్యి లేదు. అది నీ పెట్టిలోకి ఎల్లిపోనాది."

పక్కన నిలబడిన ఆమె మనవరాలు హేమావతి సిగ్గుతో ముఖం తిప్పుకుంది. హేమావతి డిగ్రీ చదివి మా మ్యూజియంలో గైడుగా పనిచేస్తోంది. "మామ్మా, ఊరుకో. సారు డాట్రు. అలాగ మాటాడకూడదు," అంది.

"డాట్రు గనకే సెప్తన్నాను. పూజారైతే కోడినడుగుతాడు," అంది సోంబారి.

నేను నవ్వాను. ఆ నవ్వును తలచుకోకుండా ఆ తర్వాత ఒక్క రోజూ గడవలేదు.

నా సంగతి కొంత చెప్పాలి. నా పేరు మంథా విశ్వనాథం. వయసు డెబ్బై మూడు. ముప్పై నాలుగేళ్లు వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రం బోధించాను. అంతకాలమూ నాకు రెండో వృత్తి ఒకటి ఉండేది: దయ్యం పట్టిందన్నవారిని, చేతబడి జరిగిందన్నవారిని, గాలిలోంచి విభూతి తీసే స్వాములను పరీక్షించి, అసలు కారణాలు వెదికి, పత్రికలకు రాయడం. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయపడే జనం గురించి నేను రాసిన వ్యాసం ఒక సంకలనంలో కూడా చేరింది. ఇక ఈ మ్యూజియంలో ఉన్న "చేతిజాడ" యంత్రం నా ఆలోచన. దాన్ని నిర్మించినది నా పూర్వ విద్యార్థిని, ఇప్పటి మ్యూజియం డైరెక్టరు, చిట్టూరి నీలవేణి.

యంత్రం ఏం చేస్తుందో ఆ ఉదయమే, సోంబారి రాకముందు, అందరమూ చూశాం. పరీక్ష కోసం పిలిచిన ఒక లెక్కల మాస్టారు వేళ్ల కొసల నుంచి భుజం దాకా బూడిదరంగు తొడుగు వేసుకుని, ఎర్రమట్టి అలికిన పలక ముందు కూర్చున్నాడు. ఆయన జన్మలో కుంచె పట్టి ఎరుగడు. నీలవేణి మీట నొక్కింది. తొడుగు ఆయన కండరాలను సున్నితంగా కదిలించింది. పన్నెండు నిమిషాల్లో ఆయన చేయి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన వెదురుపుల్లతో ఒక చతురస్రం గీసి, లోపల ఏనుగును, దువ్వెనను, బస్సును, కళ్లజోడు పెట్టుకున్న ఆడమనిషిని, గొడుగు పట్టుకున్న ఒక మనిషిని వేసింది. ఆయన తన చేతిని తానే నోరు తెరిచి చూశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చేతిజాడ, అంటే యంత్రం ముందుగా దాచుకున్న చేతి కదలిక, సోంబారిది.

అటువంటి యంత్రాన్ని ఊహించినవాడి దగ్గరకు ఒక వృద్ధురాలు వచ్చి చేయి పోయిందని చెబితే అతడు చేయవలసిన పని ఏమిటి? నేను చేసినది ఇది: పట్టుబలం కొలిచాను. సూదితో గుచ్చి స్పర్శ చూశాను. మణికట్టు, మోచేయి, భుజం తిప్పించాను. ఆమె వయసుకు అవన్నీ అద్భుతంగా ఉన్నాయి. ఆపైన కెమెరా కథ చెప్పాను: పూర్వం ఫొటో తీస్తే ప్రాణం అందులోకి పోతుందనుకునేవారనీ, ఏమీ పోలేదనీ, ఇదీ అటువంటి భయమేననీ.

సోంబారి అంతా విన్నది. "మరి నా ఫొటో కూడా తీసినారు గదా. నానేమైనా అన్నానేటి?" అంది.

ఆ ప్రశ్నలోని తర్కం నాకు అప్పుడు వినిపించలేదు. వాతానికి మాత్రలు ఇచ్చి పంపాను. వెళ్తూ వెళ్తూ హేమావతితో సవర భాషలో ఏదో అంది. ఏమందని అడిగాను.

"కొత్త కందులు తినే కందికొత్తల పండగలోగా పోయిన తాతకి ఇల్లు కట్టాలంట సార్," అంది హేమావతి.

*

సవర ఇంట్లో లోపలి గోడమీద తెల్లగా కనిపించే బొమ్మ అలంకారం కాదు. చనిపోయిన మనిషికి అది నివాసం. పోయినవాడు కలలోకి వచ్చి, నాకు ఇల్లు లేదు, కట్టమని అడుగుతాడు. బొమ్మ చుట్టూ గీసే చతురస్రం ఆ ఇంటి గోడ. లోపల అతనికి ఇష్టమైనవి ఉంటాయి. ఇవి నేను పుస్తకాల్లో చదివిన సంగతులు. కార్తీకంలో సోంబారి చేతిజాడ తీయడానికి కూర్చోబెట్టిన రోజున అవి నాకు గుర్తుకు రాలేదు.

తొడుగు వేయించుకుని, నెత్తిన తీగల టోపీ పెట్టించుకుని, ఆమె పుల్ల చేతిలోకి తీసుకుని అడిగింది: "ఎవులికి?"

"ఎవరికీ కాదమ్మా. ఊరికే శాంపిల్," అంది నీలవేణి.

"ఎవులూ లేకండా ఇల్లు కడతారేటి? ఖాళీ ఇంట్లో ఏది దూరుతాదో తెల్దు."

నీలవేణి గడియారం చూసుకుంది. నేను కల్పించుకుని, చూడడానికి వచ్చేవాళ్ల కోసం అనుకోమన్నాను. సోంబారి మమ్మల్ని ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. "అయితే మీకే కట్టీస్తాను."

ఆరు రోజులు, రోజుకు ఆరేడు గంటలు, అదే ఇంటిని మళ్లీ మళ్లీ గీయించాం. బొమ్మలోకి నీలవేణి కళ్లజోడుతో వచ్చింది. బడిపిల్లలు దిగుతున్న బస్సు వచ్చింది. నా గొడుగు వచ్చింది. ఎండ పడని చర్మం కనుక చలికాలంలోనూ గొడుగు లేకుండా నేను బయటకు రాను.

"బతికున్నవాడికి ఇల్లేమిటమ్మా?" అని అడిగాను.

"ఎప్పుడోకప్పుడు కావాలి గదా బాబూ. ముందే కట్టీసుకుంటే పనైపోద్ది," అంది చేయి ఆపకుండా.

టోపీ చేసే పని వేరు. చేయి కదిలిన ప్రతిసారీ ఆ కదలిక మెదడులో ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడానికి అది సన్నని విద్యుత్ తరంగాన్ని పంపుతుంది. మనం నేర్చిన పని దేన్నయినా చేస్తున్నంతసేపు దాని జ్ఞాపకం తడిమట్టిలా మెత్తబడుతుందని, పని ముగిశాక మళ్లీ గట్టిపడుతుందని శాస్త్రం చెబుతుంది. దాన్ని నేనే పాఠంగా చెప్పాను. మెత్తబడిన మట్టిమీద ఆరు రోజులు తరంగాలు పంపితే అది గట్టిపడుతుందా అన్న ప్రశ్న పాఠం చెప్పినవాడికి రావలసింది. మేము యంత్రాన్ని ముందుగా ఇరవై మంది విద్యార్థుల మీద పరీక్షించాం. ఒక్కొక్కరిది పది నిమిషాలు, ఫోనులో టైపు చేసే పని. వాళ్లు లేచి వెళ్లి సాయంత్రం దాకా మళ్లీ ఫోన్లలోనే టైపు చేశారు. ఎవరికీ ఏ నష్టమూ కనబడలేదు. నివేదికలో "నిరపాయం" అని రాసి నేనే సంతకం పెట్టాను.

*

మాత్రలు ఇచ్చి పంపిన వారం తర్వాత, మధ్యాహ్నం భోజనం చేసి గ్యాలరీలో పచార్లు చేస్తున్నాను. కొద్దిరోజులుగా కూర్చోలేకపోతున్నాను. పుస్తకం తెరిస్తే రెండు పేజీల తర్వాత లేస్తున్నాను. మా గ్యాలరీలో జాతాపు, గదబ, కొండదొర, సవర, ఇంకా మరికొన్ని తెగల నిలువెత్తు బొమ్మలున్నాయి. శిల్పి అన్నింటినీ ఒకే అచ్చులో పోశాడు. బట్టలు, నగలు మాత్రమే వేరు. "మా అందరికీ నాన్న ఒకడే సార్," అని హేమావతి సందర్శకులను నవ్విస్తుంది. ఆ రోజు ఆమె నవ్వించడం లేదు. మూలన గోడకానుకుని నిలబడి ఉంది.

"మామ్మ గోడ మూడోసారి అలికింది సార్," అంది.

"ఎందుకు?"

"గీయడం, చెడిపోవడం, మళ్లీ ఎర్రమట్టి పులమడం. నిన్న పుల్ల విరిచేసింది. మాత్రలు కోడిపెట్టకి పెట్టింది. మీరొకసారి వచ్చి చూస్తారా? డాట్రుగా కాదు. ఊరికే."

మర్నాడు వెళ్లాను. ఇంట్లో అటకమీద గుమ్మడికాయలు, మూలన జీలుగు కల్లు కుండ. లోపలి గోడ తడిగా, నున్నగా ఉంది. సోంబారి నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. పీట చూపించి, పుల్ల పిండిలో ముంచి, గోడ దగ్గర కూర్చుంది.

చతురస్రం మూడు వైపులు వచ్చింది. నాలుగో వైపు దగ్గర చేయి ఆగింది. తర్వాత మనిషిని వేయబోయింది. వాళ్ల మనిషి అంటే రెండు త్రిభుజాలు మొనలు కలిపి నిలబెట్టినట్టుంటాడు. సోంబారి పుల్ల మొన గోడకు ఆనించి, ఎటు లాగాలో తెలియక, పిండినీరు కారి కిందికి జారుతుంటే చూస్తూ కూర్చుంది. నేను చూసిన రోగాలెన్నో ఉన్నాయి. ఇది వణుకు కాదు, పక్షవాతం కాదు, మతిమరుపు కాదు. ఆ బొమ్మ ఎలా ఉండాలో ఆమెకు పూర్తిగా తెలుసు. నోటితో చెప్పింది: ఇక్కడ తన భర్త మంగులు, చేతిలో కల్లు లొట్టి, వెనక కుక్క, పైన చందమామ. అరవై ఏళ్లు గోడలమీద నడిచిన చేతికి దారి తెలియడం లేదు. అంతే.

"రోజూ వత్తన్నాడు బాబూ," అంది. "నిన్న కల్లోకొచ్చి గుమ్మంకాడే నిలబడ్డాడు. లోపలికి రాడు. ఇల్లు లేదు గదా, ఎక్కడికొత్తాడు?"

కలల గురించి నేను చెప్పగలిగినవి చాలా ఉన్నాయి. ఒక్కటీ చెప్పలేదు.

నాకు పరిష్కారం తోచింది. తోచినందుకు సంతోషం కూడా కలిగింది. ఆమె చేతిజాడ మా దగ్గర భద్రంగా ఉంది. తొడుగును ఆమెకే వేస్తే, ఆమె చేయి ఆమెకు మళ్లీ నేర్పవచ్చు. రెండు రోజుల తర్వాత ఆమెను మ్యూజియానికి రప్పించి, పలక ముందు కూర్చోబెట్టి, తొడుగు తొడిగి, మీట నేనే నొక్కాను.

చేయి కదిలింది. చతురస్రం నాలుగు వైపులా కలిసింది. సోంబారి ముఖం వెలిగింది. ఏనుగు వచ్చింది. "అదిగో, అదిగో," అంటూ పక్కనున్న హేమావతి మోకాలు గట్టిగా పట్టుకుంది. దువ్వెన వచ్చింది. తర్వాత బస్సు వచ్చింది. సోంబారి చేతిని వెనక్కి లాగబోయింది. తొడుగు వదలలేదు. కళ్లజోడు ఆడమనిషి వచ్చింది. చివరికి, ఎంతో నేర్పుతో, ఒక్క గీత తప్పకుండా, గొడుగు పట్టుకున్న మనిషి వచ్చాడు.

మళ్లీ నొక్కాను. మళ్లీ గొడుగు మనిషి. కల్లు లొట్టి వేయాలని ఆమె పట్టిన పట్టుకు చెమటలు పట్టాయి. యంత్రానికి కల్లు లొట్టి తెలియదు. మేము దానికి ఇచ్చినది ఆ ఒక్క ఇల్లు. ఆమె ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క ఇల్లు కడుతూ వచ్చింది, ఏ రెండూ ఒకటి కావు. మేము దాచినది గీతల వరుసను. కొత్త ఇల్లు కట్టే శక్తి ఆమె దగ్గర లేదు, యంత్రం దగ్గరా లేదు.

ఆమె తొడుగు విప్పించుకుని చేయి తుడుచుకుంది. "ఇది మా మంగులు ఇల్లు కాదు బాబూ," అంది. "నీ ఇల్లు. నీది బాగా కుదిరినాది."

*

నీలవేణి గదికి నేరుగా వెళ్లాను. ఆమె బల్లమీద ఎనిమిది ఫొటోలున్నాయి. చెట్టునార నేసే గదబ స్త్రీ, డోలు వాయించే జాతాపు వృద్ధుడు, వెదురు అల్లేవాడు, ఇంకా అయిదుగురు. యంత్రం ప్రారంభోత్సవానికి ముందే ఈ ఎనిమిది మంది చేతిజాడలు తీయాలి. వాళ్లను తీసుకురావడానికి జీపులు మరో పదిరోజుల్లో బయలుదేరతాయి.

జరిగినది చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. ఆమె మూర్ఖురాలు కాదు, కఠినురాలు కాదు. ముందు అనుకున్నవారిలో ఒకరు నిరుడు కన్నుమూసినందుకు గదిలో కూర్చుని ఏడ్చిన మనిషి. ఖాళీ అయిన ఆ చోటులోకి మరొకరిని వెతకడానికి ఆరు నెలలు కొండలెక్కింది.

"సార్, శాంపిల్ సైజ్ ఎంత?" అంది.

"ఒకటి."

"వయసు డెబ్బై పైన. చేతిజాడ తీసిన నెలకే భర్త పోయాడు. దుఃఖంలో చేయి ఆడకపోవడానికి ఇరవై కారణాలుంటాయి. ఒక్క మనిషి మాట పట్టుకుని నిర్ణయానికి రాకూడదని నా థీసిస్ మార్జిన్‌లో రాసింది మీరు కాదా?"

"నేనే."

"వీళ్లంతా ఇవాళో రేపో సార్. వీళ్లతోపాటు ఆ పని కూడా పోతుంది. ఆధారం ఉంటే ఆపుతాను. భయం చూపించి ఆపమంటే ఎలా?"

నా పాఠాన్నే ఆమె నాకు అప్పజెప్పింది. గది బయటకు వచ్చి, గ్యాలరీలో ఒకే ముఖమున్న ఆ బొమ్మల మధ్య ఆ కొసనుంచి ఈ కొసకు తిరిగాను. గొడుగు తెరిచాను, మూశాను. ఇంకొకరిని పరీక్షకు కూర్చోబెట్టే హక్కు నాకు లేదు. రెండో శాంపిల్ ఒక్కడే దొరికాడు.

యాభై ఏళ్లకు పైబడి నా చేయి బాగా ఎరిగిన పని ఒకటే, రాయడం. కంప్యూటరు వచ్చాక కూడా నేను కాగితం మీద కలంతోనే రాశాను. నా అక్షరం గుండ్రంగా, ముద్రించినట్టుంటుందని అందరూ అనేవారు. యాభై ఏళ్ల కిందట పెళ్లిచూపులకు ముందు నేను రాసిన పరిచయలేఖ చూసి, "ఈ దస్తూరీ ఉన్నవాడు అబద్ధం ఆడడు" అని మా ఆవిడ సుభద్ర ఒప్పుకుందట. తర్వాత ఆ సిద్ధాంతాన్ని చాలాసార్లు సవరించుకుంది.

సుభద్రకు చెప్పకుండా చేయలేదు. మ్యూజియం క్వార్టర్సు వరండాలో బీరకాయలు చెక్కు తీస్తోంది.

"పోతే?" అంది.

"పోతే ఆధారం దొరుకుతుంది."

"పోకపోతే?"

"అప్పుడు సోంబారిది దుఃఖమే అనుకోవాలి. నేను ప్రశాంతంగా నిద్రపోతాను."

ఆమె కాసేపు చెక్కు తీసి, "మీకు ఏది జరగాలని ఉందో మీకైనా తెలుసా?" అంది.

నీలవేణి ఒప్పుకుంది. వద్దంది, వాదించింది, చివరికి ఒప్పుకుంది. ఫలితం "నిరపాయం" అని వస్తుందని ఆమె నమ్మింది. ఆరు రోజులు, రోజుకు ఆరేడు గంటలు, తొడుగు వేసుకుని, టోపీ పెట్టుకుని రాశాను. ఏం రాయాలన్నది ముందుగా అనుకోలేదు. చేతికందిన నా పాత సంకలనం తీసి, ఫొటోకు భయపడే జనం గురించిన ఆ వ్యాసాన్నే మళ్లీ మళ్లీ ప్రతి రాశాను. ఆ విద్యార్థుల్లా వెంటనే మళ్లీ అదే పనిలో పడకూడదని, తర్వాత రెండు రోజులు కలం ముట్టలేదు.

*

తొమ్మిదో రోజు ఉదయం సుభద్ర వంటింట్లోంచి, "సంతకు వెళ్తున్నాను, చీటీ రాసివ్వండి. కందిపప్పు, బెల్లం, అల్లం," అంది.

కలం పట్టుకున్నాను. పట్టు సరిగ్గానే ఉంది. "కందిపప్పు" అన్న మాట మనసులో స్పష్టంగా కనిపిస్తోంది, పుస్తకంలో అచ్చయినట్టుగా. కలం మొన కాగితానికి ఆనించాను. "క" ఎక్కడ మొదలవుతుంది? పై నుంచా? సున్న ముందా, తలకట్టు ముందా? చేయి ఎటైనా పోవడానికి సిద్ధంగా ఉంది. ఎటు పోవాలో దానికి ఎవరూ చెప్పడం లేదు. సిరా చుక్క పెద్దదై కాగితంలోకి ఇంకింది. గోడమీద కారిన పిండినీరు గుర్తొచ్చింది.

సుభద్ర తడిచేతులతో వచ్చి నా భుజం మీదుగా చూసింది. తర్వాత కలం నా చేతిలోంచి తీసుకుని, చీటీ తానే రాసుకుంది. సంచీ తీసుకుని గుమ్మం దాటబోతూ ఆగి, "పాత ఉత్తరాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. అవి ఎవరికీ ఇవ్వను," అంది.

మ్యూజియానికి నడిచాను. మర్నాడు ఉదయం జీపులు బయలుదేరాలి. డ్రైవర్లు వరండాలో దారి మాట్లాడుకుంటున్నారు. నీలవేణి ఫోను మీద ఫోను మాట్లాడుతోంది. నా ముఖం చూసి ఫోను పెట్టేసింది.

"పోయింది," అన్నాను.

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. "సార్, మీరు ఆ ఆలోచనతోనే కూర్చున్నారు. పోతుందని భయపడితే... ఇటువంటివి మీకు నేను చెప్పాలా?"

"అక్కర్లేదు. ఆ అవకాశం ఉంది."

"మరి?"

"జీపులు ఆపమని అడుగుతున్నాను."

"ఇంత పెద్ద నిర్ణయం నోటిమాట మీద తీసుకోలేను. ట్రస్టుకు నేను ఏం చూపించాలి? మీ అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి," అంది. అలవాటుగా ఒక తెల్లకాగితం, కలం నా ముందుకు తోసింది.

నేను కలం తీసుకుని కాగితం మీదికి వంగాను. "డైరెక్టరు గారికి" అని మొదలుపెట్టాలి. ఉన్న శక్తినంతా పెట్టాను. ఒక వంకర గీత వచ్చింది. దానిపక్కన ఇంకొకటి. అక్షరం అనిపించేది ఏదీ రాలేదు. చెమట కాగితం మీద పడింది. ఆపలేదు. మూడో వరుసలోకి వెళ్లాను.

నా చేయి మీద ఆమె చేయి పడింది.

ఆమె దగ్గర ఇప్పటికీ ఆ థీసిస్ ప్రతి ఉందని నాకు తెలుసు. నాలుగు వందల పేజీల మార్జిన్లలో నా దస్తూరీ. ఆమె నా గీతలనే చూస్తోంది. "సార్, ఇంక చాలు," అంది. ఆ కాగితాన్ని మడిచి ఫైలులో పెట్టి, లేచి వరండాలోకి వెళ్లింది. డ్రైవర్లతో ఆమె అన్న మాటలు నాకు వినబడలేదు. జీపుల తలుపులు ఒకటొకటిగా మూసుకోవడం వినబడింది. మర్నాడు ఏ జీపూ బయలుదేరలేదు.

ఆ సాయంత్రం నీలవేణి ఎదుట తొడుగు వేసుకుని నా చేతిజాడను నడిపించాను. నా గుండ్రటి అక్షరాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి: "భయానికి తల్లి అజ్ఞానం. యంత్రం తన ప్రాణం తీసుకుపోతుందని వణికే అమాయకుణ్ణి చూసి మనం నవ్వకుండా ఉండలేం." మధ్యలో చేయి బిగబట్టి ఒక్క పేరు, సోంబారి పేరు, రాయడానికి ప్రయత్నించాను. తొడుగు నన్ను పక్కకు తోసి తన వ్యాసం తాను రాసుకుంటూ పోయింది. ఆ చేతికి ఇక అదొక్కటే తెలుసు.

*

కందికొత్తల పండుగకు రెండు రోజుల ముందు ఈతమానుగూడ వెళ్లాను. హేమావతి నాకంటే ముందే సెలవు పెట్టి వెళ్లింది. గుమ్మంలో చెప్పులు విడిచి, గొడుగు బయట ఆనించి లోపలికి వంగాను. సోంబారి గోడ ముందు కూర్చుని ఉంది. పుల్ల ఎడమచేతిలో ఉంది.

నేను నా కుడిచేయి చాపి, జరిగినది చెప్పాను. నా మాట ఆమెకు అర్థమైందో లేదోనని హేమావతి సవర భాషలో మళ్లీ చెప్పింది. సోంబారి నా అరచేతిని తిప్పి తిప్పి చూసింది, నేను ఆమె చేతిని చూసినట్టే. సూది మాత్రం గుచ్చలేదు.

"నీది కూడా తీసీసుకున్నాదా," అంది. "మరి అంత సదువుకున్నావు, తెల్లేదేటి?"

"మీరు చెప్పినప్పుడు వినలేదు. తప్పు నాది."

"ఇన్లేదు," అని ఒప్పుకుంది. క్షమించానని అనలేదు. ఇప్పటికీ అనలేదు. కొంచెం పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

గోడమీద చతురస్రం ఉంది. ఒక వైపు పొడుగు, ఒక వైపు పొట్టి. చందమామ కోడిగుడ్డులా ఉన్నాడు. కుక్కకు అయిదో కాలు వచ్చిందని హేమావతి నవ్వితే, అది తోక అని సోంబారి కసిరింది. మంగులు మధ్యలో నిలబడ్డాడు. రెండు త్రిభుజాల మొనలు కలవలేదు. నడుము ఒకవైపు, భుజాలు ఒకవైపు. చేతిలో కల్లు లొట్టి మాత్రం పెద్దది. పిల్లలు మొదటిసారి గీసే బొమ్మ. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి మొదటి నుంచి నేర్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"పేరు రాయి బాబూ," అంది. "ఈ మజ్జి అందరూ పేర్లు కూడా రాయించుకుంటన్నారు."

"నాకు చేయి లేదు కదమ్మా."

"అదేటి, ఆ పక్కనున్నది కాలా?"

పుల్ల నా ఎడమచేతిలో పెట్టింది. చనిపోయిన మనుషులు గోడల్లో నివసిస్తారని నేను నమ్మను. ఎడమచేత్తో ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్మడం లేదు. పుల్ల పిండిలో ముంచి, "మ" ఎటు తిరుగుతుందో హేమావతి గాలిలో వేలితో చూపిస్తుంటే, కంటితో చూసి చేతితో లాగాను. చెప్పుకోదగినంత సేపు పట్టింది. "మం" కిందికి జారింది. "గు" వెనక్కి వాలింది. "లు" గోడ అంచు దాటిపోబోయి ఆగింది. అరవై ఆరేళ్ల కింద పలకమీద అక్షరాలు దిద్దినప్పుడు కూడా ఇంత అన్యాయంగా రాసి ఉండను.

"పాడుచేశాను," అన్నాను.

సోంబారికి చదవడం రాదు. తల ఒకసారి ఇటు, ఒకసారి అటు వంచి ఆ మూడు అక్షరాలను చూసింది. మూడూ మూడు వైపులకు తూలుతున్నాయి. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను.

"ఒలే అమ్మీ, సూడు," అంది మనవరాలితో, నవ్వు ఆపుకోలేక. "అచ్చం మీ తాతే. తాగొచ్చినప్పుడు ఇలాగే నడిసీవోడు."

చాలాసేపు నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుని, గుమ్మం వైపు తిరిగి, అక్కడ ఎవరో నిలబడి ఉన్నట్టు సవర భాషలో ఒక్క మాట పలికింది. అర్థం అడగనక్కరలేకపోయింది. నేను గుమ్మానికి అడ్డంగా కూర్చున్నానని గమనించి, కాళ్లు ముడుచుకుని, పక్కకు జరిగాను.